పొద్దుటి కొలతలు

నేను బండలు కొలిచే మనిషిని. జమ్మలమడుగు చుట్టుపక్కల పాలిష్ యూనిట్లలో నల్లబండలు లారీకెక్కే ముందు ఒక్కొక్కదానికీ పొడవు, వెడల్పు పట్టి, మొత్తం ఎన్ని చదరపు అడుగులో తేల్చి చెప్పడం నా పని. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. గుణకారాలు, భిన్నాలు, సగటులు అన్నీ ఆ బండల మీద సుద్దముక్కతో గీసి నేర్చుకున్నవే.

ముప్పై ఏళ్ల కిందట నా చేతికి టేపు ఇచ్చిన పెద్దమనిషి మొదటి రోజే ఒక మాట అన్నాడు. "ఎండెక్కినాక టేపు సాగుతాది. పొద్దు పొడిచినాక ఒక గంట లోపల కొలిచిందే లెక్క. తర్వాత కొలిచేది కొట్టెయ్."

అది ఎంతవరకు నిజమో చాలా ఏళ్ల తరువాత లెక్క వేసి చూశాను. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల తేడా ఉంటే ఇనుప టేపు నూరడుగులకు పావు అంగుళం కంటే కొంచెం ఎక్కువ సాగుతుంది. లారీ లోడు మీద అది ఒక్క బండకు కూడా రాదు. రాదని తెలిసినా అలవాటు మానలేదు. బండలే కాదు, ఏది కొలవాలన్నా చల్లటి పూట చూసుకుని కొలవడం నాలో అలా స్థిరపడిపోయింది. ఎండలో తీసిన అంకె మీద నాకు నమ్మకం ఉండేది కాదు.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఆమె మెట్టినిల్లు లింగాల దగ్గర ఒక పల్లె. పిల్లలు లేరు. బావ పోయిన తరువాత పులివెందులలో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రెండేళ్లకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి డయాలసిస్. ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో చోటు దొరికింది. పులివెందుల నుంచి ముద్దనూరు, అక్కడి నుంచి ఎర్రగుంట్ల, తరువాత ప్రొద్దుటూరు. పదకొండు గంటలకు ఆమె మంచం. మిషన్ మీద నాలుగు గంటలు. పోయేటప్పుడు బస్సులో పోవచ్చు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆమెకు కూర్చునే ఓపిక కూడా ఉండదు. అందుకే పాత డీజిల్ కారు ఒకటి కొన్నాను. ఏడుగురు పట్టేది. మధ్య సీటులో ఆమె కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు.

ఆమెను మిషన్ మీద పడుకోబెట్టి నేను జమ్మలమడుగు పోయి ముందే కొలిచిపెట్టిన ఒక లోడు ఎక్కించి మూడు గంటలకల్లా వెనక్కి వచ్చేవాణ్ణి. ఆ కారు ఆగిపోతే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. పోయేటప్పుడు ఆగితే ఆ పూట మిషన్ తప్పుతుంది. ఒక్కసారి తప్పితే కాళ్లు వాస్తాయి, ఆయాసం మొదలవుతుంది. వచ్చేటప్పుడు ఆగితే, నిలబడలేని మనిషి నడిరోడ్డు మీద ఉంటుంది. అందుకని నేను ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టాను. ముందు పేజీల నుంచి కారు, వెనక పేజీల నుంచి అక్క. కారు వైపు కిలోమీటర్లు, ఇంజిన్ ఆయిలు, బ్యాటరీ వయసు. అక్క వైపు బరువు, బీపీ, రోజుకు తాగిన నీళ్లు మిల్లీలీటర్లలో. రెండు వైపులా పొద్దున ఆరు గంటలకే రాసేవాణ్ణి. ఆరు దాటితే ఆ రోజు రాసిందానికి పక్కన చిన్న సున్నా చుట్టేవాణ్ణి, అంత నమ్మదగినది కాదని గుర్తుగా.

ఫిబ్రవరి చివర ఒక బుధవారం పొద్దున సెల్ఫ్ ఎత్తుకోలేదు. తాళం తిప్పితే టక్కుమని ఒక శబ్దం, అంతే. పక్కింటివాళ్లతో నెట్టించి స్టార్ట్ చేసుకుని బ్యాటరీల అంగడికి పోయాను. నాలుగేళ్ల బ్యాటరీ, చచ్చిపోయింది అన్నాడు అంగడి శెట్టి. నాలుగేళ్లు అనేది నా పుస్తకంలోనూ ఉంది. కొత్తది వేయించాను.

ఆ రోజు నుంచి ఓల్టులు కొలిచే మల్టీమీటరు ఇంట్లో పూజ గూటి పక్కనే పెట్టుకున్నాను. పొద్దున ఆరు గంటలకు ఇంజిన్ వేయక ముందు బ్యాటరీ మీద ఒకసారి, వేశాక ఒకసారి. వేయక ముందు పన్నెండున్నర ఓల్టుల దరిదాపుల్లో ఉండాలి. వేశాక పద్నాలుగు చూపాలి. అంటే ఇంజిన్ పక్కన బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతోందని అర్థం. మా వైపు మెకానిక్కులు దాన్ని డైనమో అంటారు. నా అంకె రోజూ పద్నాలుగు పాయింటు రెండు. ఒక్కోసారి పద్నాలుగు పాయింటు ఒకటి. అంతకు తగ్గలేదు.

ఒక సంగతి మాత్రం గమనించకపోలేదు. బుధ, శనివారాల పొద్దున ఇంజిన్ వేయక ముందు అంకె మిగతా రోజులకంటే తగ్గుతోంది. పన్నెండు పాయింటు మూడు, పాయింటు రెండు. అంటే మంగళ, శుక్రవారాల ప్రయాణం తరువాత బ్యాటరీ ఎంతో కొంత ఖాళీ అయి ఇంటికొస్తోంది. దూరం పోయొచ్చాం, అక్క కోసం ఏసీ వేశాం, అందుకని అనుకున్నాను. ఇంజిన్ నడుస్తుంటే ఎంత దూరం పోయినా బ్యాటరీ నిండాలే గానీ తగ్గకూడదు. ఆ మాట నాకు తెలియనిది కాదు. పక్క గడిలో పద్నాలుగు పాయింటు రెండు కనబడుతుంటే ఇంక ఆలోచించబుద్ధి కాలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ముద్దనూరు దాటాక వెనక నుంచి అక్క అడిగింది.

"రేయ్, ఆ మీటర్ల కాడ ఎర్రబుడ్డి ఎలుగుతాండాదే, ఏంది అది?"

"యాడ? ఏం ల్యా."

"నీకు కనపడదు. స్టీరింగు అడ్డమొస్తాది. పండుకోనుంటే నాకు బాగ కనపడతాండాది. బూడిద కప్పిన నిప్పు మాదిరి మినుకు మినుకుమంటాండాది."

నేను తల వంచి చూశాను. ఎదురుగా పడమటి ఎండ. అద్దం మీద వెలుగు తప్ప ఏమీ కనబడలేదు.

"ఎండ పడి అట్ల అనిపిస్తాదిలే అక్కా. పొద్దున చూసినా గదా, పద్నాలుగు పాయింటు రెండు ఉండాది."

"పద్నాలుగుంటే ఆ బుడ్డి ఎలగదా?"

"ఎలగదు."

"అయితే నా కండ్లే బాగలేవేమో," అంది. తరువాత, "ఆ ఏసీ కొంచెం తగ్గియ్యి. ఒళ్లు జిల్లుమంటాండాది. తల కూడ ఒక మాదిరిగ ఉండాది," అంది.

ఏసీ తగ్గించాను. తల గురించి ఏమీ అడగలేదు.

మే నెల రెండో మంగళవారం ఎండ చాలా ఎక్కువగా ఉంది. ఆసుపత్రి నుంచి బయలుదేరేసరికి మూడున్నర. ఎర్రగుంట్ల దాటి మూడు కిలోమీటర్లు వచ్చాం. మొదట ఏసీ గాలి సన్నబడింది. ముందు పోతున్న సిమెంటు లారీకి హారన్ కొడితే గొంతు పట్టేసినట్టు మూలిగింది. మీటర్లలో ముళ్లు ఒక్కొక్కటే కిందికి వాలాయి. తరువాత ఇంజిన్ ఆగిపోయింది. మా కారులో ఇంజిన్‌కు డీజిల్ వదిలే వాల్వు కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే డీజిల్ ట్యాంకు నిండా ఉన్నా బండి కదలదు.

రోడ్డు పక్కకు దొర్లించి ఆపాను. ప్రయాణం రోజుల్లో వెంట తెచ్చుకునే మల్టీమీటరు పెడితే తొమ్మిది పాయింటు ఎనిమిది. రెండు నెలల బ్యాటరీ అది.

తలుపులన్నీ తెరిచినా లోపల ఉండలేకపోయాం. మూసి ఉన్న ఒక టీ బంకు ముందు కొంచెం నీడ, కింద ఒక బండ ఉంటే అక్కడికి నడిపించాను. ఇరవై రెండు అడుగులు. ఆమె రెండు చోట్ల ఆగింది. బండ మీద కూర్చోబెట్టగానే తల పక్కకు వాలిపోయింది. కళ్లు సగం మూతపడ్డాయి. నుదురంతా చల్లటి చెమట. ముఖం మీద నీళ్లు చల్లితే మెల్లగా కళ్లు తెరిచింది.

"ఏం ల్యా. రోజూ ఉండేదే," అంది.

ఆ మాట విన్నాను. కానీ నా మనసంతా తొమ్మిది పాయింటు ఎనిమిది దగ్గరే ఉంది.

జమ్మలమడుగు నుంచి బండల లోడుతో వస్తున్న లారీ ఒకటి మమ్మల్ని దాటి ఆగింది. డ్రైవరు నాకు తెలిసినవాడే. ఆ లోడు రెండు రోజుల కిందట నేను కొలిచిందే. దిగి వస్తూ, "ఏంది మామా, ఊరందరి బండలూ కొలుస్తావు, రోడ్డు మిందికొచ్చి ఏం కొలుస్తాండావు?" అన్నాడు. అక్కను చూసి నవ్వడం ఆపేశాడు. లారీ వెనక్కి తిప్పుకొచ్చి మోకు కట్టాడు. మళ్లీ ఎర్రగుంట్ల దాకా లాగాడు. అక్క వెనక సీటులో పడుకుంది. ఇంజిన్ నడవకపోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. మూడు కిలోమీటర్లు రెండు కాళ్లతో తొక్కుతూ వచ్చాను. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు మమ్మల్ని దింపి, "ఈ భాయ్ కువైట్లో పనిచేసొచ్చినోడు, బాగ చూస్తాడు," అని చెప్పి వెళ్లిపోయాడు.

షెడ్డు వెనకే ఆ ఎలక్ట్రీషియన్ ఇల్లు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడై ఉంటాడు. మొదట కారు వైపు చూడలేదు, వెనక సీటు వైపు చూశాడు. లోపలికి కేకేస్తే ఆయన భార్య వచ్చి, ఏమీ అడగకుండా, అక్క చంక కింద చేయి వేసి ఇంట్లోకి తీసుకుపోయింది.

"ఇప్పుడు చెప్పప్పా," అన్నాడు.

జరిగింది చెప్పాను. వేరే బ్యాటరీ తెచ్చి వైర్లు కలిపి ఇంజిన్ వేశాడు. మీటరు పెట్టాడు. పద్నాలుగు పాయింటు ఒకటి. నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది. నా అంకె తప్పు కాదన్న సంతోషం అది. పుస్తకం తీసి ఆయన చేతికిచ్చాను.

"చూడు భాయ్. రెండు నెలల పైన ఒక్క రోజు తప్పకుండ రాసినా. యాడా పద్నాలుగుకు తగ్గింది ల్యా."

ఆయన పేజీలు తిప్పాడు. వేలికున్న గ్రీజు అంటకుండా మణికట్టుతో తిప్పాడు.

"శానా బాగ రాసినావప్పా. మా పిల్లోళ్లకు జూపించల్ల. అన్నీ ఆరు గంటలవే?"

"అవును. చల్లగ ఉన్నప్పుడు చూస్తేనే సరైన అంకె వస్తాది."

"బండి ఆగిపోయింది ఎప్పుడు?"

"నాలుగుకు."

"నాలుగ్గంటలది ఒక్కటీ ల్యా ఈడ."

ఆయన పుస్తకం నా చేతిలో పెట్టాడు. "కువైట్లో పదిహేడేండ్లు చేసినా. పొద్దున బండి చెడిపోయిందని వచ్చేటోడు తక్కువ. రెండు మూడు గంటలకు వరసగ వస్తారు. పొద్దునైతే ఏ డైనమో అయినా మర్యాదగా ఉంటాదప్పా. వేడెక్కినాకే దాని గుణం తెలిసేది. మల్ల ఈ బండి ఇంత సేపు తాడుతో వచ్చింది, సల్లబడింది. ఇప్పుడు సూడు."

ఏసీ వేయమన్నాడు. హెడ్‌లైట్లు, గాలి ఫ్యాను, వైపర్లు, అన్నీ వేయించాడు. ఇంజిన్ కొంచెం రేసు చేసి అలాగే ఉంచాడు. ఐదు నిమిషాలకొకసారి మీటరు చూసి అంకె చెప్తుంటే నేను రాసుకున్నాను. పదమూడు పాయింటు ఎనిమిది. పదమూడు పాయింటు రెండు. పన్నెండు పాయింటు ఏడు. పన్నెండు పాయింటు మూడు. ఇరవై నిమిషాల్లో నాలుగు అంకెలు. నా పుస్తకంలో అలాంటి వరస అంతకు ముందు లేదు.

"వెనక కూచో, మీ అక్క పండుకునే కాడ," అన్నాడు.

మధ్య సీటులో పక్కకు ఒరిగి చూశాను. రెండు ముందు సీట్ల మధ్య నుంచి, స్టీరింగు కింద, మీటర్ల పెట్టె మూలన ఎర్రటి బ్యాటరీ గుర్తు కనబడింది. బూడిద కప్పిన నిప్పులాగే ఉంది. వెలుగుతూ, ఆరుతూ.

ఆయన ఆల్టర్నేటరు వెనక్కి వేలు పోనిచ్చి బయటికి తీసి చూపించాడు. వేలి కొసన నల్లటి ఆయిలు.

"డైనమో వెనక ఈ గిన్నె మాదిరి ఉండాదే, ఇది బ్రేకుకు గాలి లాగే పంపు. రెండూ ఒకే ఇరుసు మీద తిరగతాయి. దీనికి ఇంజిన్ ఆయిలు వస్తాది. మధ్యలో రబ్బరు సీలు అరిగింది. పొద్దున ఆయిలు చిక్కగ ఉంటాది, కారదు. వేడికి పల్చనైతే డైనమో లోపలికి దిగతాది, లోపల కరెంటు అందించే బొగ్గు ముక్కల మీద పడతాది. బొగ్గులకు ఆయిలంటితే ఇంక కరెంటు యాడ పుడతాది? బ్రేకు గట్టిగ వస్తాండ్లేదా నీకు, సాయంత్రం పూట?"

వస్తోంది. నెలరోజులుగా వస్తోంది. నా మోకాలు బాగాలేదేమో అనుకున్నాను. దానికి అంకె లేదు గనుక ఎక్కడా రాయలేదు.

అప్పుడే ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"అన్నా, అక్క కొంచెం తేరుకునింది. నీళ్లిస్తే రెండు గుక్కలే తాగి చాలనింది. మిషన్ కాన్నుంచి ఇంటికి పోయినప్పుడల్లా ఇట్లనే కండ్లు తిరగతాయంట గదా. డాక్టరుకు చెప్పినారా?"

"బీపీ రోజూ చూస్తానే ఉండామమ్మా. ఎక్కువే ఉంటాది. తక్కువైతే గదా కండ్లు తిరిగేది," అన్నాను. డాక్టరు నా పుస్తకం చూసే మార్చిలో బీపీ మాత్ర పెంచాడని కూడా చెప్పాను.

బానెట్ కింద తల పెట్టి ఉన్న ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "అది గూడ పొద్దుననేనా అప్పా?"

వైపర్లు ఇంకా ఎండు అద్దం మీద గీరుకుంటున్నాయి. ఆయనే చేయి చాపి ఆపేశాడు.

ఆల్టర్నేటరు మొత్తం మార్చాలన్నాడు. బొగ్గులు, సీలు మార్చి సరిపెట్టవచ్చు గానీ, బొగ్గులు రాసుకునే రాగి చుట్లు కూడా అరిగి ఉంటాయి. సామాను ప్రొద్దుటూరు నుంచి మర్నాడు తెప్పిస్తానన్నాడు. నిండుగా ఛార్జి చేసిన తన బ్యాటరీ ఒకటి వేసి ఇచ్చాడు. నేను లెక్క వేసుకున్నాను. దాంట్లో పట్టే కరెంటు డెబ్బై ఐదు ఆంపియర్ అవర్లు. అందులో సగమే నమ్ముకుందాం. ఒట్టి ఇంజిన్‌కు గంటకు ఎనిమిది చాలు. లైట్లు వేస్తే ఇంకో పది. ఇంటికి గంటా పది నిమిషాలు. చీకటి పడక ముందే చేరతాం.

అద్దాలు దించుకుని, ఏసీ లేకుండా బయలుదేరాం. ముద్దనూరు దాటాక అక్క అంది.

"ఆ భాయ్ పెండ్లాము చెప్పింది. కారు లోపల కరెంటు పుట్టడం ల్యా అంట గదా. బయటి నుంచి ఎక్కిచ్చుకోని నడపల్లంట."

"రేపు మారుస్తారులే అక్కా."

"దానికి కొత్తది యేస్తారు. మంచిదే." కొంచెం ఆగి నవ్వింది. "మంగళారం, శుక్కురారం అని దానికి గూడ ఒక మంచం రాపిచ్చింటే ఇద్దరం పోయొస్తాంటిమి గదరా."

నేను నవ్వలేకపోయాను.

ఇల్లు చేరేసరికి ఆరు ముప్పావు. నా భార్య ఆమె కాళ్లు కడిగి మంచం మీద పడుకోబెట్టింది. నేను బీపీ మిషన్ తెచ్చి చేతికి పట్టీ చుట్టాను. ఆ వేళలో దాన్ని తీయడం అదే మొదటిసారి. ఎనభై ఎనిమిది, యాభై. నమ్మలేదు. పది నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. తొంభై, యాభై రెండు. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు, మాత్ర వేసుకోక ముందు, నూట యాభై ఆరు, తొంభై.

వెనక పేజీలు తిప్పాను. పదకొండు నెలలు. ప్రతి అంకె పక్కనా నా చేతిరాతలో ఆరు గంటలు అని ఉంది. పొద్దున ఆమె బీపీ ఎక్కువ ఉండేది. నేను రాసేవాణ్ణి. డాక్టరు చూసి మాత్ర పెంచేవాడు. ఆ మాత్ర వేసుకుని ఆమె మిషన్ మీద పడుకునేది. మిషన్ రెండు లీటర్ల నీళ్లు లాగేసేది. ఆసుపత్రి గడప దాటాక ఆమెలో ఏం మిగులుతుందో ఎవరూ కొలవలేదు.

"అక్కా, ఇట్ల ఉంటాండాదని నాకు గట్టిగ యాల చెప్పలేదు?"

ఆమె కళ్లు మూసుకునే ఉంది. "చెప్తానే ఉంటి. నువ్వు పుస్తకం చూసి ఎక్కువే ఉండాది అంటివి. లెక్కలో నువ్వు తప్పు పోవు గదా. అందుకని నా ఒళ్లే నాకు అబద్ధం చెప్తాందేమో అనుకుంటి. తర్వాత చెప్పడం ఇడిసిపెడితి."

కోపంతో అన్న మాట కాదది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కాసేపటికి నిద్రపోయింది.

మర్నాడు పదింటికల్లా ఎర్రగుంట్లలో ఉన్నాను. ఆయన ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాడు. బెల్టు వదులు చేసి తీశాడు. ఆయిలు వచ్చే గొట్టం, పోయే గొట్టం విప్పి కింద డబ్బా పెట్టాడు. ఆల్టర్నేటరును పట్టుకుని ఉండేవి రెండు బోల్టులు. పైది తేలిగ్గా వచ్చింది. కింది పొడుగు బోల్టు తుప్పు పట్టి ముప్పావుగంట సతాయించింది. పాతదాన్ని బయటికి తీసి విప్పితే లోపలంతా తారు పూసినట్టుంది. రెండు బొగ్గుల్లో ఒకటి తొమ్మిది మిల్లీమీటర్లు, ఇంకొకటి నాలుగు. ఆ నాలుగుది గూట్లో ఇరుక్కుపోయి కదలడం లేదు.

కొత్తది పెట్టే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"కొలువప్పా. బెల్టు తిరిగే కప్పీకి గాడులెన్ని, బోల్టు బెజ్జాల మధ్య దూరమెంత. నీ పనే గదా." నేను టేపు తీస్తుంటే, "ఎండెక్కింది మల్ల. తప్పొస్తాదేమో జాగ్రత్త," అన్నాడు.

గాడులు ఆరు, ఇందులోనూ ఆరు. బెజ్జాల మధ్య దూరం మిల్లీమీటరు తేడా లేదు. గొట్టాలకు కొత్త రాగి వాషర్లు వేసి బిగించాడు. బెల్టు ఎక్కించి, మధ్యలో బొటనవేలితో నొక్కి, అర అంగుళం దిగితే చాలన్నాడు. ఇంజిన్ వేశాక వెంటనే మీటరు పెట్టలేదు. కారును ఎండలోనే నిలబెట్టి, అన్నీ వేసి, లోపలికి పోయి అన్నం తిని వచ్చాడు. నన్నూ తినమన్నాడు గానీ నాకు ఆకలి లేదు. మధ్యాహ్నం రెండున్నరకు మీటరు పెట్టాడు. పద్నాలుగు పాయింటు సున్నా. మూడున్నరకు మళ్లీ పెట్టాడు. అంతే ఉంది.

"ఇప్పుడు రాసుకో," అన్నాడు.

శుక్రవారం డాక్టరుకు సాయంత్రపు అంకెలు చూపించాను. ఆయన చాలాసేపు పుస్తకం చూశాడు. మిషన్ ఉన్న రోజు పొద్దున మాత్ర ఇవ్వవద్దని, రాత్రికి మార్చాడు. పెంచిన మోతాదు తగ్గించాడు. "చాలామంది పొద్దున్నే చూస్తారండి. మీ పొరపాటు ఏమీ లేదు," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను తల ఊపాను.

ఆ తరువాత సాయంత్రాలు కొంత మెరుగుపడ్డాయి. నూట పది, నూట పదిహేను. జూన్‌లో ఒక మంగళవారం కారు దిగి, నా చేయి పట్టుకోకుండా గడప దాకా నడిచింది. పదిహేడు అడుగులు. ఆ పుస్తకంలో నేను సంతోషంతో రాసిన అంకె అదొక్కటే అనుకుంటాను. ముద్దనూరు దాటాక వెనక నుంచి, "ఎర్రబుడ్డి ల్యారోయ్," అని అప్పుడప్పుడు చెప్పేది. తల తిరిగితే తల తిరుగుతోందని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ బండి ఆపి పట్టీ చుట్టేవాణ్ణి. ఆమె విసుక్కునేది.

నవంబరులో అక్క గుండె ఆగిపోయింది. ఒక ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే. మాత్రలకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. ఉంది అనడానికి నా దగ్గర లెక్క లేదు, లేదు అనడానికీ లేదు.

కారు ఇప్పటికీ నడుస్తోంది. జమ్మలమడుగు పోయి వస్తూ మధ్యాహ్నం మూడింటికి రోడ్డు పక్కన ఆపి మీటరు పెడతాను. పద్నాలుగే చూపిస్తుంది. బండలు మాత్రం ఇంకా పొద్దుటి పూటే కొలుస్తాను.

అక్క పేజీలను మొదటి నుంచి మళ్లీ గీశాను. తేదీకొక వరస, వరసకు రెండు గళ్లు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దుటి గళ్లన్నీ నిండాయి. సాయంత్రం గళ్లు మే నెలలో మొదలవుతాయి. అంతకు ముందు వారానికి రెండు చొప్పున ఆమె ప్రొద్దుటూరు నుంచి నా వెనక సీటులో పడుకుని వచ్చిన సాయంత్రాలు తొంభై ఆరు. మామూలుగా ఒక అంకె తప్పిపోతే ముందుదీ వెనకదీ చూసి మధ్యలోది అందాజుగా వేసుకుంటాను. బండలకు అలా చేస్తాను. ఇక్కడ ముందుది లేదు. తొంభై ఆరు గళ్లనూ అలాగే ఖాళీగా ఉంచేశాను.